బాపమ్మ గొంతుకు రెండు ట్రాన్సిస్టర్లు

ఇబ్రహీంపట్నం మండలం,
అక్టోబరు 2011.

బాపూ,

నీ బిడ్డ దీవెన వందనాలు. అమ్మ బాగుంది. తమ్ముడు క్రాంతి బాగున్నాడు, బడి లేదని ఊరంతా వాడిదే. బర్రె ఈనింది, పెయ్యదూడ. బాపమ్మ గురించి కూడా క్షేమమే అని రాయబోయి ఆగాను. నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు. నువ్వు వేళకు తింటున్నావా, కొత్త క్యాంపులో గది కాస్తయినా చల్లగా ఉందా, ముత్యం చిన్నాయన తిరిగి వచ్చేటప్పుడు తప్పకుండా రాసి పంపు.

ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. సెలవు అయిపోయి బుధవారం మస్కట్ విమానం ఎక్కుతున్నాడు. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. నీ ఫోన్ మోగగానే బాపమ్మ వచ్చి నా పక్కన కూర్చుంటుంది, నేనేం చెప్తానో చెవులు రిక్కించి వింటుంది. "సామేలుకు ఫోన్ల చెప్పినవంటె నామీద ఒట్టే" అని నాతో ఒట్టు వేయించుకుంది. కాయితం మీద రాయొద్దని మాత్రం అనలేదు. ఇలాంటి సందులు వెతకడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

పోయిన ఉత్తరంలో అడిగావు, కాలేజీ తెరిచారా అని. ఎక్కడ తెరుస్తారు బాపూ! సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బొగ్గు లేదు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. జగిత్యాలలో మా సార్లే రోడ్డు మీద కట్టెలు పెట్టి అన్నం వండుతున్నారు. ఒకరోజు నేనూ పోయి ఉల్లిగడ్డలు కోసి వచ్చాను. అమ్మ పసుపు చేనులో కలుపుకు పోతోంది. యోహాను పాస్టరు గారు నీ జాబు చదివి సంతోషించారు, నీకోసం ప్రార్థన చేస్తున్నారు.

ఇక నువ్వు గట్టిగా అడిగిన మాట. "అవ్వ ఫోన్ ఎందుకు తీసుకోదు, నామీద ఏమన్నా కోపమా?" అన్నావు. కోపం కాదు బాపూ. ఆమెకు గొంతు పోతోంది. వానలు పడ్డప్పటి నుంచి బొంగురు పట్టింది. జలుబేమో అనుకుని అమ్మ మిరియాల పాలు ఇస్తూ వచ్చింది. ఇప్పుడు కోళ్లను పిలిస్తే కోళ్లు కూడా తల ఎత్తవు. కరీంనగర్ తీసుకుపోతే డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చూశాడు. గొంతుపెట్టె మీద కంతి ఉందట. ఇక రోజురోజుకీ తగ్గుతుందే కానీ మళ్లీ రాదన్నాడు. మిగతాది కింద రాస్తాను. ముందు నేను కళ్లారా చూసిన వింత చెప్పనివ్వు. అది చెప్పకపోతే మిగతాది రాయడానికి నాకు చేయి ఆడదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే లసుమవ్వ మన వాడకు వచ్చింది. పెద్దవీధి బతుకమ్మకు ఏటా పాట ఎత్తుకునేది ఆమే కదా. చెప్పులు విడిచి, మన అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన నీళ్లు తాగి అన్నది: "పోచవ్వక్కా, గీసారి సద్దుల బతుకమ్మ చౌరస్తల రోడ్డు మీద ఆడుతున్నం. అన్ని వాడలు ఒక్కటే. మొదటి పాట నువ్వే ఎత్తుకోవాలె."

నువ్వు చూస్తూ పెరిగినవాడివి, నీకు నేను చెప్పాలా? బాపమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మన వాడ చివర, మన ఆడవాళ్ల మధ్యనే పాడింది. పెద్దవీధి వాళ్ల పాట మనకు వినిపించేది, మన పాట వాళ్లకు వినిపించేది కాదు. ఇప్పుడు వాళ్లే వచ్చి పిలిచారు, ఆమె గొంతు పోతున్న ఏడాదిలోనే! బాపమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అస్త" అన్నది.

అమ్మ నెమ్మదిగా, "పాస్టరు గారు ఏమంటరో అత్తమ్మా?" అని గొణిగింది.

"పూలు చేసింది ఎవలు, దేవుడు గాదా? ఆయన చేసిన పూల సుట్టు నేను తిరిగితె ఆయనకేం కోపం?" అని బాపమ్మ ఆ మాట అక్కడికే తెంపేసింది.

మైకు సెట్టు మేడిపల్లి లచ్చయ్య కాకది. ఒకరోజు పొద్దున మమ్మల్ని చౌరస్తాకు పిలిచి పరీక్షించాడు. రోడ్డుకు రెండు వైపులా కరెంటు స్తంభాలకు పెద్ద మైకులు కట్టి ఉన్నాయి. బాపమ్మ చేతిమైకులో పాడింది. వినిపించలేదు. కాక శబ్దం పెంచాడు. ఇంకా పెంచాడు. కూ... అని మైకు ఒక్కటే కూత! సమ్మె డేరాలో కూర్చున్నవాళ్లు చెవులు మూసుకున్నారు. ఆమె పక్కకు జరిగినా కూసింది. స్తంభాల మీది మైకులను అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఆమె తిరిగేకొద్దీ కూత ఒకచోట ఆగి ఇంకోచోట మొదలయ్యేది.

"అవ్వా, నీ గొంతు బయటికే అస్తలేదు. పెంచుదామంటె మైకు కూస్తది. నేనేం జేయాలె? వేరేటోళ్లకు ఇయ్యున్రి" అన్నాడు కాక. మంచివాడే, ఉన్నమాటే అన్నాడు. బాపమ్మ మైకు ఆయన చేతికి ఇచ్చి, కొంగు సర్దుకుని ఇంటికి నడిచింది. ఇంటికి వచ్చి చాట తీసుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది, ఆ రోజు చెరగాల్సిన పని లేకపోయినా.

ఆ కూత ఏమిటో నాకు తెలుసు బాపూ. ఉయ్యాల ఊపినట్టే అది. మైకులోకి పోయిన శబ్దం స్తంభం మీది నుంచి బయటికొచ్చి, తిరిగి ఇదే మైకులో పడుతుంది. సరిగ్గా ఉయ్యాల వెనక్కి వచ్చి ఆగే వేళకే ప్రతిసారీ తోస్తే ఏమవుతుంది? ఎత్తు పెరుగుతూ పోతుంది. అదే కూత. తోసే వేళను కాస్త పక్కకు జరిపితే ఉయ్యాల అంత ఎత్తుకు లేవదు. ఆ వేళను జరిపే పని చేసేదాన్ని ఫేజ్ షిఫ్టర్ అంటారు. మా రెండో ఏడాది ఎలక్ట్రానిక్స్ పుస్తకంలో ఉంది. బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చేసి చూడలేదు.

కోరుట్లలో రేడియో సామాన్ల దుకాణం బందు. సగం దించిన షట్టరు కింద నుంచి నేను వంగి అడిగితే, లోపలి నుంచి ఒక చేయి పొట్లం అందించింది. ట్రాన్సిస్టరు అంటే మన ఇంట్లో ఉండే రేడియో అనుకునేవు. కాదు. పెసరగింజ కంటే కాస్త పెద్దది, నల్లగా ఉంటుంది, మూడు కాళ్లు. నడిమి కాలికి శబ్దం అందిస్తాం. ఒక పక్క కాలి దగ్గర అదే శబ్దం అలాగే బయటికొస్తుంది. రెండో పక్క కాలి దగ్గర అదే శబ్దం తలకిందులై వస్తుంది. ఇది పైకి లేచినప్పుడు అది కిందికి పడుతుంది. ఒక్క మనిషి లోపలికి పోతే ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు బయటికి రావడం చూశావా ఎప్పుడైనా? నేను చూశాను, మన వంటింటి పీట మీద.

ఆ రెండింటినీ సమానంగా కలిపితే ఏమవుతుందో చూడాలని బుద్ధి పుట్టింది. బాపమ్మను వాకిట్లో దూరంగా కూర్చోబెట్టి మైకు ఇచ్చాను. నేను లోపల చెవులకు ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. ఆమె పాడుతోంది, పెదవులు కదులుతున్నాయి, మెడ నరం లేస్తోంది. నా చెవిలో ఏమీ లేదు! ఉన్నవి రెండు గొంతులు, రెండూ ఆమెవే, కలిస్తే ఏమీ లేదు. గబుక్కున ఒకదాని తీగ పీకేశాను. పీకగానే ఆ బొంగురు గొంతు చెవి నిండా వచ్చింది. బాపూ, ఆ రోజు నేను ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావే అని అమ్మ అడిగితే సోల్డరింగ్ పొగ అని చెప్పాను.

అసలు కిటుకు ఏమిటంటే, ఆ రెండింటినీ సమానంగా కలపకూడదు. తలకిందుల దాన్ని కెపాసిటరు అనే చిన్న బిళ్ల గుండా, నిలువు దాన్ని నాబ్‌తో తిప్పే రెసిస్టరు గుండా తెచ్చి ఒక్కచోట కలపాలి. అప్పుడు శబ్దం చావదు. పెరగదు, తగ్గదు. దాని వేళ మాత్రం జరుగుతుంది. నాబ్ తిప్పినంత జరుగుతుంది. ఒక్క ట్రాన్సిస్టరుతో కావాల్సినంత జరగదు కాబట్టి ఒకదాని వెనక ఒకటి రెండు పెట్టాను. రెండూ ఒకే నాబ్‌తో తిరగాలి. అలాంటి జంట నాబ్ కోరుట్లలో దొరకలేదు.

ఆనంద్ మామ సిరిసిల్ల నుంచి బండి మీద వచ్చి నన్ను తీసుకుపోయాడు. అమ్మమ్మ వాళ్లింట్లో ఆయన పెళ్లి నాటి పాటల డెక్కు మూలన పడి ఉంది కదా, దాని శబ్దం నాబ్ జంటదే. విప్పుతుంటే పాపం ముఖం చిన్నబుచ్చుకున్నాడు. నేను పోయినప్పుడు కరెంటు లేక మరమగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. సిరిసిల్ల వీధిలో నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది, అది ఎప్పుడైనా విన్నామా? కరెంటు రాగానే అన్ని ఇళ్లూ ఒక్కసారి మొదలయ్యాయి, నేల అదిరింది. మామ నా చెవిలో అరిచాడు: "ఫేజ్ అంటె మాకు ఎరుకేనే పిల్లా! మూడిట్ల ఒకటి పోయిందనుకో, మోటరు గుర్రుమంటది గాని తిరగది." మా ఫేజూ ఆ ఫేజూ వేరు కాదు మామా, రెండింటిలోనూ ఉన్నది వేళే అన్నాను. ఆయనకు వినబడలేదు, నవ్వి తల ఊపాడు. వచ్చేటప్పుడు బాపమ్మకు మెత్తటి తువ్వాల ఒకటి ఇచ్చాడు.

పండుగ నాటి పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఇవన్నీ ఒక డబ్బాలో బిగించి పట్టుకుని నేనూ బాపమ్మా లచ్చయ్య కాకా పోయాం. ఆమె పూలు పెట్టే చోటు చుట్టూ తిరుగుతూ పాడింది. ఏ చోట కూత మొదలవుతుందో అక్కడ నాబ్ తిప్పి, ఆగినచోట డబ్బా మీద పసుపుతో చుక్క పెట్టాను. కూత పూర్తిగా పోలేదు బాపూ, గొప్పలు చెప్పను. కానీ కాక అంతకుముందు పెట్టగలిగిన దానికంటే శబ్దం ఇంకాస్త పైకి పోయింది. ఆ కాస్తలోనే ఆమె మాటలు తెలియడం మొదలైంది. "ఓ యవ్వా, గీ పిల్ల ఏం జేసింది!" అని కాక నా డబ్బా చుట్టూ తిరిగి చూశాడు.

సాయంత్రం ఎంత జనమనుకున్నావు! బుగ్గారం నుంచి కూడా ట్రాలీల్లో వచ్చారు. రోడ్డు మీద ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తంగేడు పూల పసుపే. ఒక పక్క సమ్మె డేరా, ఒక పక్క పోలీసు జీపు. కరెంటు పోయింది, కాక ట్రాక్టరు బ్యాటరీ మీద మైకు నడిపాడు. బాపమ్మ పెట్టెలో దాచుకున్న ఆకుపచ్చ చీర కట్టుకుని, చేతిలో మైకు పట్టుకుని, నడుమ నిలబడింది. మొదటి మాట ఎత్తుకుంది. నేను నాబ్‌ను మొదటి చుక్క మీద పెట్టాను.

డబ్! డబ్!

స్తంభాల మీది నుంచి బాంబులు పేలినట్టు! పోలీసాయన జీపు దిగి చూశాడు. బాపమ్మ పాడుతూ చప్పట్లు కొడుతోంది బాపూ, మైకు చేతిలోనే ఉంది! ఇంత చదివిన నాకు ఆ సంగతి తట్టనే లేదు. బతుకమ్మ పాట చప్పట్లు లేకుండా ఎవరికి వస్తుంది? వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట, పాట ఆ చేతుల్లో నుంచే కదా వచ్చేది. పొద్దున నాకోసం కష్టపడి చప్పట్లు ఆపుకుని పాడింది. ఇప్పుడు ఆడవాళ్లందరి నడుమ ఆమె చేతులు ఆమె మాట వింటాయా?

వెనక నుంచి ఎవరో "మైకు లసుమవ్వకియ్యున్రి" అని అరిచారు. లసుమవ్వ వెనక్కి తిరిగి, "నోరు ముయ్యి. ఆమె ఎత్తుకున్న పాట నేను గుంజుకుంటనా?" అన్నది. అమ్మ మెరుపులా పరుగెత్తి, బాపమ్మ భుజం మీద ఉన్న సిరిసిల్ల తువ్వాలతో మైకును ఆమె మెడకు, గడ్డం కిందికి కట్టేసింది. "అత్తమ్మా, ఇగ కొట్టు చప్పట్లు" అన్నది.

ఇక నా పసుపు చుక్కలు ఎందుకు పనికొస్తాయి? మైకు ఉన్న చోటు మారింది. ఖాళీ రోడ్డు ఇప్పుడు చీరలతో, మనుషులతో నిండి ఉంది, శబ్దం పోయే దారులన్నీ మారాయి. ఆమె వంగితే ఒక కూత లేస్తోంది, లేస్తే ఇంకొకటి. నేను డబ్బా వైపు చూడడం మానేసి కళ్లు మూసుకున్నాను. కూత పుట్టబోయే ముందు ఆమె గొంతు అంచున సన్నటి మెరుపు లాంటిది వినిపిస్తుంది. అది వినపడగానే నాబ్ తిప్పాలి. మొదటి చుట్టులో రెండుసార్లు తప్పాను. తర్వాత ఏమైందో నాకే తెలియదు. ఆమె వంగినప్పుడు నా వేళ్లు ముందే తిరిగాయి. ఆమె ఎక్కడుందో కళ్లు తెరవకుండానే తెలిసింది. ఆమె వెంట నేనూ ఆ పూల చుట్టూ తిరుగుతున్నాను, నాబ్ మీద రెండు వేళ్లతో.

అప్పుడు విన్నాను బాపూ. బొంగురుగా, చిరిగి, గాలి సగం, మాట సగం. కానీ ప్రతి మాటా తెలిసింది. నాటు వేసిన చేలను పాడింది. పసుపు ఉడికించిన పొయ్యిలను పాడింది. తన తల్లి పేరు పాడింది, ఆ పేరు నేను అంతవరకు విననే లేదు. మస్కట్ ఎండలో ఇనుము మోసే కొడుకు వచ్చేనాటికి మన రాజ్యం మనకు రావాలని పాడింది. ఆ మాటకు వందల మంది ఒక్కసారిగా అందుకున్నారు. పెద్దవీధి, గౌండ్ల వాడ, మన వాడ, ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు. మన బాపమ్మ మాట వాళ్ల నోళ్లలో నుంచి తిరిగి వస్తోంది. ఆ పెసరగింజల్లాంటి రెండు ట్రాన్సిస్టర్లు ఇంత పని చేశాయా, ఆమె చేయించుకుందా? ఇప్పటికీ ఆ డబ్బా మూత తీసి చూస్తుంటాను. లోపల ఏమీ కొత్తగా ఉండదు.

పాట అయ్యాక లసుమవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "గిన్నేండ్లు గీ పాట మాకు ఇనబడకుంట ఎట్ల దాసినవే అక్కా?" అన్నది.

"నేనేం దాసిన? మీరే అటు రాలే" అన్నది బాపమ్మ. మైకు ఇంకా మెడకే ఉంది. ఆ మాట కూడా రోడ్డంతా విన్నది. ఎవరూ నవ్వలేదు. లసుమవ్వ మాత్రం తల ఊపింది.

ఇక కింద రాస్తానన్నది రాయాలి.

డాక్టరు గొంతుపెట్టె మొత్తం తీసేయాలన్నాడు. తీస్తే ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. బతుకమ్మ పండుగకు ముందే రమ్మన్నాడు. బాపమ్మ పండుగ అయ్యాక వస్తానంది. అమ్మ ఆమెను బతిమాలింది, ఏడ్చింది. డాక్టరు నాకు ఫోన్ చేసి, "నువ్వు చదువుకున్న అమ్మాయివి, నువ్వు నచ్చజెప్పు" అన్నాడు. నేను నచ్చజెప్పలేదు బాపూ. "పండుగ దాకా ఆగుతం సార్" అని నేనే అన్నాను. అప్పటికి నా డబ్బా సగం అయింది. ఆమె కోసం అన్నానా, నా డబ్బా పనిచేయడం చూడాలని అన్నానా అని రోజూ నన్ను నేను అడుగుతున్నాను. రెండూ ఉన్నాయి, విడదీయడం రావడం లేదు. ఆ ఆగిన రోజుల్లో కంతి పాకి ఉంటే ఆ పాపం నాదే అయ్యేది. నిన్న తీసుకుపోతే డాక్టరు నన్ను బాగా తిట్టి, మళ్లీ గొట్టం పెట్టి చూసి, ఇంకా చేయి దాటలేదన్నాడు. నీకు కోపం రావాలి. నువ్వు తిడితే నేను పడతాను.

సోమవారం ఆపరేషన్. ఆమెకు భయం లేదు. "ఊరంత ఇన్నది, ఇగ పోతె పోనీ" అంటోంది.

శుక్రవారం నీకు ఈ ఉత్తరం అందుతుంది. ఆదివారం ప్రార్థన అయ్యే వేళకు ఫోన్ చేయి. నేను ఎత్తి ఆమె చెవికి ఆనిస్తాను. ఎట్లున్నవని అడగకు, బాగున్నానని చెప్పడానికి ఉన్న కాస్త గొంతూ ఖర్చు పెడుతుంది. ఏడవకు కూడా. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నీకు ఒక పేరు అనుకుందట. పాస్టరు గారు సామేలు అని పెట్టాక ఆ పేరుతో పైకి ఎప్పుడూ పిలవలేదట. ఏం పేరని నేను అడిగితే, "నీకెందుకే? ఆనికే చెప్త" అన్నది. ఆదివారం ఆ పేరుతో నిన్ను పిలుస్తుంది. ఒక్కసారే పిలవగలుగుతుందేమో. "అవ్వా" అని పలుకు బాపూ. నేను అప్పుడు బయటికి పోయి వాకిట్లో నిలబడతాను.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ,
దీవెన